ఫుల్‌క్రాన్ కబ్రోల్ తోటలో గడ్డి మొలిచింది

రొక్‌సాల్వ్ ఊళ్ళో ఫుల్‌క్రాన్ కబ్రోల్ పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది శుభ్రత. అలాగని మనిషి ఏమంత శుభ్రంగా ఉండేవాడు కాదు. చొక్కా మీద నిన్నటి పులుసు మరక మొన్నటి మరకని పలకరిస్తున్నా అతనికి పట్టేది కాదు. అతని శుభ్రతంతా నేల మీదే. కొండవాలున ఉన్న తన ద్రాక్షతోటలో తీగకీ తీగకీ మధ్య ఒక్క గడ్డిపోచ కనబడిందంటే ఆ పూట తిండి సయించేది కాదు.

అత్తగారిని పాతిపెట్టిన రోజున ఏం జరిగిందో ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాదిరిగారు ప్రార్థన చదువుతుంటే పక్క సమాధి పగుల్లోంచి తొంగిచూస్తున్న పిచ్చిమొక్క ఒకటి ఫుల్‌క్రాన్ కంటపడింది. కాసేపు ఓర్చుకున్నాడు. చూపు పక్కకి తిప్పుకున్నాడు. చివరికి ఉండబట్టలేక వంగి పీకేశాడు. వేళ్ళతో సహా చక్కగా ఊడివచ్చింది. ఎక్కడ పారెయ్యాలో తోచక కోటు జేబులో పెట్టుకున్నాడు. దుఃఖంతో కుంగిపోతున్నాడేమోనని చుట్టాలిద్దరు పరిగెత్తుకొచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. పక్కనే ఉన్న భార్య మగ్లోన్‌కి మాత్రం అసలు సంగతి తెలుసు. తల్లి పోయిన దుఃఖంలో ఉన్న ఆవిడ ముసుగు కింద నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది.

ఆ కొండంతా నల్లటి పలకరాయి. పొరలు పొరలుగా, పాత పుస్తకం పేజీల్లా ఉంటుంది. చేత్తో విరిస్తే విరుగుతుంది. దాని మీద మట్టి జానెడు ఉంటే ఎక్కువ. గోధుమ పండదు, కూరగాయలు పండవు. కారిన్యాన్ ద్రాక్ష మాత్రం మొండిగా బతుకుతుంది. ఆ తీగల్ని నాటింది ఫుల్‌క్రాన్ ముత్తాత. తరవాత అన్నదమ్ముల పంపకాల్లో తోట రెండు ముక్కలైంది. పైముక్క ఫుల్‌క్రాన్‌కి వచ్చింది. కిందిముక్క వరసకి అతనికి చెల్లెలయ్యే సిడోనీ గల్తియేకి వచ్చింది.

సిడోనీ జీవితమంతా పచ్చ స్కూటరు మీద ఉత్తరాలు పంచింది. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరి కొడుకు ఎవరికి రాస్తున్నాడో ఆమెకి తెలియంది లేదు. ఉద్యోగం అయిపోయాక తోటలోకి దిగింది. దిగి ఏం చేసిందంటే, ఫుల్‌క్రాన్ దృష్టిలో ఏమీ చెయ్యలేదు. కలుపుమందు కొట్టదు. చలికాలం గొర్రెల్ని తోలుతుంది. తీగల వరసల మధ్య చిక్కుళ్ళూ బార్లీ చల్లి, అవి నడుందాకా పెరిగాక నేలకి అణగదొక్కి అలా వదిలేస్తుంది.

"ఏం సిడోనీ, తోటలో పాములేమన్నా పెంచుతున్నావా?" అనేవాడు ఫుల్‌క్రాన్, వీపున మందు డబ్బా తగిలించుకుని పైగట్టు మీద నిలబడి.

"రెండే ఉన్నాయి. ఒకదానికి నీ పేరే పెట్టాను" అనేది ఆమె తలెత్తకుండా.

ఫుల్‌క్రాన్ తన పంటంతా ఊరి సహకార వైన్ కేంద్రానికి తోలేవాడు. అక్కడ తొట్ల పని చూసేది ఎల్‌జెయార్. పెద్ద పొట్ట, చిన్న కళ్ళు, మంచి ముక్కు ఉన్న మనిషి. ఏటా ఫుల్‌క్రాన్ పండు చూసి "బావుంది" అనేవాడు. అందులోంచి వచ్చిన వైన్ రుచి చూసి "మర్యాదగా ఉంది" అనేవాడు. ఆ మాట పొగడ్తేనని ఫుల్‌క్రాన్ చాలా ఏళ్ళు నమ్మాడు.

సిడోనీ తన పండుని తన కొట్టంలోనే రెండు పీపాల్లో పులియబెట్టుకునేది. ఒక ఆదివారం మధ్యాహ్నం మగ్లోన్ ఆ వైన్ ఒక సీసా తెచ్చి, పేరు చీటీ చించేసి, తమ వైన్ పక్కన పెట్టింది. గొర్రెమాంసం వడ్డించి రెండు గ్లాసులూ మొగుడి ముందుంచింది.

"రెండూ కేంద్రంలోవే. ఏది మన తోటదో చెప్పు చూద్దాం."

ఇలాంటి పరీక్షలంటే ఫుల్‌క్రాన్‌కి మహా ఇష్టం. మొదటి గ్లాసు తాగాడు. తియ్యగా, వెచ్చగా, సాఫీగా దిగిపోయింది. దిగాక నోట్లో ఏమీ మిగల్లేదు. రెండో గ్లాసు తాగాడు. నల్లరేగు పండ్ల పులుపు, మిరియం ఘాటు, వెనకాల ఎండకి కాలిన రాయి మీద తొలివాన పడినప్పుడు వచ్చే వాసన. మింగాక కూడా నాలిక మీద ఏదో గీసినట్టు నిలిచింది. అతని కళ్ళు మెరిశాయి.

"ఇదిగో!" అని బల్ల మీద చరిచాడు. "ఇదీ మన పలకరాయి! ఇది మా ముత్తాత చెమట! ఆ మొదటిది ఎవడిదో పాపం, ఏ పల్లపు పొలంలోదో. నీళ్ళ ద్రాక్ష."

"ఆ నీళ్ళ ద్రాక్ష మనది" అంది మగ్లోన్. "ముత్తాత చెమట సిడోనీ దగ్గరుంది."

ఫుల్‌క్రాన్ తలొంచుకుని మాంసం కోసుకున్నాడు. మేక జున్ను తిన్నాక మాత్రం, మాంసంలో వెల్లుల్లి ఎక్కువవడం వల్ల నోరు పాడయిందని తీర్పు చెప్పాడు.

ఆ వసంతంలో ఒక పొద్దున ఇంట్లో కేక వినబడింది.

"మగ్లోన్! నా కొత్త డ్రాయర్లేవీ?"

"ఏ డ్రాయర్లు?"

"అవే, తెల్లవి, నూలువి. బెజియే సంతలో కొన్నావే!"

"ఓ, అవా! ఒకటి మన తోటలో ఉంది. ఒకటి సిడోనీ తోటలో ఉంది."

ఫుల్‌క్రాన్ ఒక కాలు ప్యాంటులో, ఒక కాలు బయట పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"సిడోనీ తోటలో నా డ్రాయరుకేం పని?"

"పాతిపెట్టాం."

"పాతిపెట్టడానికి అదేమన్నా చచ్చిందా?"

మగ్లోన్ నిదానంగా వివరించింది. చుట్టుపక్కల ఊళ్ళల్లో ద్రాక్షరైతులు చాలామంది ఈ పని చేస్తున్నారు. నూలు డ్రాయరు నేలలో పాతి, రెండు మూడు నెలలు పోయాక తవ్వి తీస్తారు. నేల బతికుంటే బట్ట మాయమవుతుంది.

"నేల డ్రాయర్లు తింటుందా?"

"నేల కాదయ్యా, నేల్లో ఉండే పురుగూ పుట్రా."

"నా నేల్లో అలాంటి చెత్తేమీ ఉండదు" అన్నాడు ఫుల్‌క్రాన్ ఛాతీ విరిచి.

"అదే చూద్దామని" అంది మగ్లోన్.

జూన్‌లో సెయింట్ జాన్ పండుగ వచ్చింది. చర్చి ముందున్న చెట్ల కింద పొడుగాటి బల్లలు వేశారు. ద్రాక్షకట్టెల నిప్పుల మీద సాసేజిలు చిటపటలాడుతున్నాయి. ఊరంతా చేరింది. భోజనాలకి ముందు సిడోనీ, మగ్లోన్ చెరో పళ్ళెం పట్టుకొచ్చారు. రెండు పళ్ళేల మీదా గుడ్డ కప్పి ఉంది. మధ్యలో బట్టలారేసే తాడు కట్టారు.

మొదట ఫుల్‌క్రాన్ తోటలోది తీసి తాడు మీద వేశారు. కాస్త మట్టి అంటుకుంది. అంతే. కుట్టు ఊడలేదు, దారం పోలేదు, నడుము పట్టీ మీద కొట్టువాడి గుర్తు కూడా చెక్కుచెదరలేదు.

తరవాత సిడోనీ తోటలోది. ఆవిడ గుడ్డ తీసి, ఒక్క నడుము పట్టీని మాత్రం రెండువేళ్ళతో ఎత్తి చూపించింది. దానికి వేలాడుతూ నాలుగు దారప్పోగులు. మిగతాదంతా మాయం.

జనం ఘొల్లున నవ్వారు. ఫుల్‌క్రాన్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. లేచి నిలబడి గ్లాసు ఎత్తాడు.

"చూశారా! అదీ నేలంటే! మా ఆవిడ బీరువాలో పెట్టినా ఇంత భద్రంగా ఉండదు. సిడోనీ తోటలో చూడండి, మనిషి కట్టుకున్న బట్టకే దిక్కులేదు!"

ఎవరూ గ్లాసు ఎత్తలేదు. ఫుల్‌క్రాన్ చుట్టూ చూశాడు. కొందరు సాసేజిల వైపు, కొందరు చెప్పుల వైపు చూస్తున్నారు. ఎల్‌జెయార్ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఫుల్‌క్రాన్, నువ్వు ఓడిపోయావురా."

"ఓడిపోవడమేంటి? నాది నిక్షేపంగా ఉంటే!"

"అదేరా గొడవ. నీ నేలకి అది తినే ఓపిక కూడా లేదు. ఆ మట్టిలో ప్రాణం లేదు."

ఫుల్‌క్రాన్ మొహం తన వైన్ కన్నా ఎర్రగా అయింది. ఈలోగా బల్ల చివరి నుంచి రొట్టెల దుకాణం ఆవిడ అడిగింది: "అదంతా సరే గానీ, ఫుల్‌క్రాన్ డ్రాయరు సిడోనీ తోటలోకి ఎలా వెళ్ళిందంటారు?" ఆ ప్రశ్నకి ఊరు పండుగ అయిపోయేదాకా రకరకాల జవాబులు చెప్పుకుంది.

ఆ రోజు నుంచి ఫుల్‌క్రాన్ నిద్రాహారాలు మానేశాడని చెప్పలేను గానీ, నిద్ర మాత్రం తగ్గింది. చిన్నప్పటి నుంచి తండ్రి నేర్పింది ఒక్కటే. తోటలో గడ్డి ఉంటే యజమాని తాగుబోతన్నా అయ్యుండాలి, సోమరన్నా అయ్యుండాలి. తండ్రి పారతో చేసిన పనే తను మందుతో, ట్రాక్టరుతో చేశాడు. ఇంకా బాగా చేశాడు. తప్పు ఎక్కడుంది?

"వానల్లేక అలా అయింది" అని ప్రకటించాడు చివరికి. "మళ్ళీ పాతండి. పంటకోతల ముందు తీద్దాం."

మళ్ళీ పాతారు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, ఊరంతా తలుపులు బిగించుకుని కునుకు తీస్తున్న వేళ, ఫుల్‌క్రాన్ తన కుక్క మారెషాల్‌ని వెంటేసుకుని తోటకి వెళ్ళాడు. గుర్తు పెట్టిన చోట తవ్వాడు. డ్రాయరు తళతళలాడుతూ బయటికొచ్చింది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది. కాసేపు ఆలోచించి కుక్క ముందుకి విసిరాడు.

"కొరుకు."

మారెషాల్‌కి తన అదృష్టం నమ్మశక్యం కాలేదు. ఇంట్లో చెప్పు ముట్టుకుంటేనే తన్నే యజమాని, బట్ట ఇచ్చి కొరకమంటున్నాడు! తోక ఊపుకుంటూ పని మొదలుపెట్టింది. అది చాలనట్టు ఫుల్‌క్రాన్ తీగలు కత్తిరించే కత్తెరతో అక్కడక్కడ కిటికీలు పెట్టాడు. మళ్ళీ పాతి, మట్టి కప్పి, పైన కాలితో సర్ది, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి మగ్లోన్ పక్కన పడుకున్నాడు.

అతను మరిచిపోయిందల్లా ఒకటే. మారెషాల్ దృష్టిలో ఆ డ్రాయరు ఇప్పుడు మారెషాల్‌ది.

సాయంత్రం చెట్ల కింద ఇనుపగుండ్ల ఆట రసపట్టులో ఉంది. ఆటలో ఫుల్‌క్రాన్ కూడా ఉన్నాడు. సిడోనీ గురిచూసి గుండు వెయ్యబోతోంది. మారెషాల్ నోట కరుచుకున్న సొత్తుతో గర్వంగా మైదానం మధ్యలోకి నడిచొచ్చి, దాన్ని ఎల్‌జెయార్ కాళ్ళ దగ్గర పెట్టి, మెప్పు కోసం ఎదురుచూసింది. ఎల్‌జెయార్ వంగి తీసి, వెలుతురుకి పట్టుకుని చూశాడు. నలుచదరంగా కోసిన రంధ్రాల్లోంచి సూర్యుడు కనబడ్డాడు.

సిడోనీ వచ్చి పరీక్షగా చూసింది.

"ఫుల్‌క్రాన్, నీ తోటలో వానపాములు లేవన్నారు గానీ, ఉన్నాయి. కత్తెర కూడా పట్టుకుంటున్నాయి."

ఆ మాట ఊరి పొలిమేర దాటి పక్క ఊళ్ళకి కూడా వెళ్ళింది. ఫుల్‌క్రాన్ ఆట మానేశాడు. సోంపు సారాయి పాస్తిస్ తాగడానికి కూడా బయటికి రాకుండా ఇంట్లోనే తాగాడు. మగ్లోన్ దెప్పలేదు. అది ఇంకా బాధగా ఉంది.

"ఏదో ఒకటి అను" అన్నాడొకరోజు.

"ఏమనాలి?"

"తిట్టు."

"కుక్కని తిట్టాను. చాలు" అంది మగ్లోన్.

పంటకోతలయ్యాయి. అక్టోబరులో సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. ఆ ప్రాంతంలో శరదృతువు వాన అంటే అందరికీ భయమే. ఆకాశం చిల్లుపడినట్టు ఒక పగలంతా కురిసింది. తెరిపిచ్చాక ఫుల్‌క్రాన్ గమ్‌బూట్లు వేసుకుని తోటకి వెళ్ళాడు. పైగట్టు దగ్గర ఆగిపోయాడు.

తోట లేదు. తీగలున్నాయి, కానీ వేళ్ళు బయటపడి, గాలిలో కాళ్ళు వేలాడేసుకున్నట్టు నిలబడ్డాయి. జానెడు మట్టీ కొట్టుకుపోయింది. నల్లటి పలకరాయి కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది. అతని జీవితంలో తోట అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

కిందికి చూశాడు. సిడోనీ తోట మొదటి వరసల్లో అణగదొక్కిన గడ్డి ఉంది. దాని మీద అతని మట్టంతా దొంతరగా పేరుకుని ఆగింది. గడ్డి పట్టి ఆపింది. అక్కడి నుంచి కిందికి నీళ్ళు తేటగా పోతున్నాయి.

సిడోనీ అప్పటికే అక్కడుంది. ఫుల్‌క్రాన్ దిగివెళ్ళాడు. ఏం మాట్లాడాలో తెలియక తనకి అలవాటైన గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఈ మట్టి నాది."

"పేరు రాసుందా?"

"పైనుంచి వచ్చింది కదా!"

"పైనుంచి వచ్చిందంతా నీదైతే వాన కూడా నీదే. తీసుకుపో."

"సిడోనీ, ఎగతాళి చెయ్యకు."

ఆమె అతని మొహం చూసింది. ఈసారి నవ్వలేదు.

"తీసుకెళ్ళు ఫుల్‌క్రాన్. ఎవరొద్దన్నారు? ట్రాక్టరు మాత్రం దింపకు, దిగబడుతుంది. మా కొట్టంలో తాత వీపుబుట్ట ఉంది. రెండున్నాయి, మగ్లోన్‌ని కూడా పిలు."

పాతకాలంలో వానకి కొట్టుకుపోయిన మట్టిని అలా వీపున మోసి మళ్ళీ కొండెక్కించేవారని ఫుల్‌క్రాన్ తన తాత చెబుతుండగా విన్నాడు. తను మోస్తాననుకోలేదు. రోజుల తరబడి మోశాడు. మగ్లోన్ పారతో ఎత్తిపోస్తే అతను బుట్టతో గట్టెక్కేవాడు. మోకాళ్ళు కిర్రుమనేవి. వీపు మీద తడి మట్టి బరువు తెలిసేది. అన్నాళ్ళూ తొక్కి, తుడిచి, మందు కొట్టి చూసుకున్న మట్టిని అతను చేత్తో పట్టుకోవడం చాలా ఏళ్ళ తరవాత అదే.

ఒక మధ్యాహ్నం అలసిపోయి సిడోనీ తోట గట్టు మీద కూర్చున్నాడు. ఒక చేత్తో తన మట్టి తీశాడు. బూడిదరంగు పిండి. పిసికితే ముద్దయింది, ఆరితే ఇటుకయింది. వాసన చూశాడు. ఏమీ లేదు. గడ్డి పక్కకి తీసి కిందున్న సిడోనీ మట్టి ఇంకో చేత్తో తీశాడు. నల్లగా, పొడిపొడిగా, వేళ్ళ సందుల్లోంచి వేయించిన రవ్వలా రాలింది. సన్నటి వేళ్ళు, సాలీడు, పేరు తెలియని ఎర్ర పురుగు. వాసన చూస్తే అడవిలో పుట్టగొడుగులు ఏరే చోటు గుర్తొచ్చింది. ఇంకోసారి చూశాడు. ఆ రాయీ ఈ రాయీ ఒకటే. తీగలు ఒక్కరు నాటినవే.

"మగ్లోన్" అన్నాడు నెమ్మదిగా. "దీనికి వాసనుంది."

మగ్లోన్ పార కింద పెట్టి వచ్చి అతని పక్కన కూర్చుంది. ఫుల్‌క్రాన్ ముక్కు చీదుకున్నాడు. చలిగాలి అన్నాడు.

ఆ సాయంత్రం ఆఖరి బుట్ట ఎత్తుకుంటుంటే వెనక నుంచి సిడోనీ అరిచింది.

"ఆగు! బుట్టలో నా వానపామొకటి పోతోంది. మట్టి నీదే గానీ, అది నాది."

ఫుల్‌క్రాన్ బుట్ట దింపి, మట్టిలో వెతికి, వానపాముని రెండు చేతుల్లో పెట్టుకుని తెచ్చి ఆమెకి అప్పజెప్పాడు. సిడోనీ దాన్ని చూసి, అతన్ని చూసి, తిరిగి అతని అరచేతిలోనే పెట్టింది.

"ఉంచుకో. కొత్త ఇల్లు కదా, ఒకటన్నా ఉండాలి."

మందు డబ్బాని ఫుల్‌క్రాన్ కొట్టంలో మేకుకి తగిలించేశాడు. సిడోనీ దగ్గర చిక్కుళ్ళూ బార్లీ విత్తనాలు తీసుకుని చల్లాడు. అక్కడి నుంచి అతని అసలు కష్టాలు మొదలయ్యాయి.

వసంతం వచ్చేసరికి తోటంతా పచ్చగా లేచింది. అది చూడలేక అతను తోటకి వెళ్ళే దారి మార్చాడు. తీగలు కత్తిరిస్తుంటే చెయ్యి దానంతటదే కిందికి పోయి గడ్డి పట్టుకునేది. మగ్లోన్ "చెయ్యి!" అని అరిచేది. వెనక్కి తీసుకునేవాడు. రోడ్డుకి ఆనుకుని ఉన్న మొదటి వరస మాత్రం ఎవరూ చూడకుండా గీకి నున్నగా ఉంచాడు. దారినపోయేవాళ్ళు ఏమనుకుంటారో అని. సిడోనీ చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. చలికాలంలో ఆమె గొర్రెలు అతని తోటలో మేసేటప్పుడు వాటి వెంట తిరుగుతూ "ఈ మూల కూడా తినండమ్మా, ఇక్కడ వదిలేశారు" అని బతిమాలేవాడు.

మొదటి ఏడు పండు సగమైంది. పైన ఉన్న తేమ గడ్డి తాగేసింది. తీగలు అలిగాయి. "చెప్పానా!" అన్నాడు ఫుల్‌క్రాన్, ఎవరికి చెప్పాడో మరి. రెండో ఏడు కాస్త నయం. పైన నీళ్ళు దొరకని తీగల వేళ్ళు, ఇన్నాళ్ళూ తేమా ఎరువూ దొరికే పైపొరలోనే సోమరిగా పాకినవి, పలకరాయి పొరల సందుల్లోకి దూరి లోపలికి దిగాయి. ఆ వేసవిలో ఎండ నిప్పులు కురిసింది. చుట్టుపక్కల నున్నటి తోటల్లో ఆకులు కాగితాల్లా ఎండిపోతుంటే, ఫుల్‌క్రాన్ తోట పచ్చగా నిలబడింది. పండు చిన్నది, తోలు మందం, పులుపు పోలేదు.

ఎల్‌జెయార్ ఆ పండుని వేరే చిన్న తొట్టిలో వేశాడు. బయటి ఈస్టు వెయ్యకుండా పండు మీదున్న దానితోనే పులవనిచ్చాడు. శీతాకాలంలో ఒకరోజు ఫుల్‌క్రాన్‌నీ మగ్లోన్‌నీ పిలిచి గ్లాసులు పోశాడు. ఫుల్‌క్రాన్ ముక్కు దగ్గర పెట్టుకుని తల వెనక్కి లాగాడు.

"కోళ్ళగూడు వాసన!"

"అవును" అన్నాడు ఎల్‌జెయార్.

"అంటే పాడయిందా?"

"అలిగింది. కాస్త గాలి తగలనీ. ఇన్నేళ్ళు నీ వైన్‌కి ఏ వాసనా లేదు. ఇవాళ ఏదో ఒకటి వచ్చింది, సంతోషించు."

గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. ఎల్‌జెయార్ ఊరి కబుర్లన్నీ చెప్పాడు. కబుర్లు అయిపోయేసరికి కోళ్ళు గూడు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. వాటి చోట నల్లరేగు, ఎండిన కొండగడ్డి, కాస్త మిరియం. అడుగున తడి రాయి.

ఫుల్‌క్రాన్ ఒక గుక్క తాగాడు. మింగాడు. ఆ రుచి పోతుందేమోనని మాట్లాడకుండా కూర్చున్నాడు. పోలేదు.

"ఎలా ఉంది?" అంది మగ్లోన్.

"మర్యాద లేదు దీనికి" అన్నాడు ఫుల్‌క్రాన్. గ్లాసు మళ్ళీ ముందుకి చాపాడు.

మర్నాడు ఒక సీసా పట్టుకుని సిడోనీ ఇంటికి తనే వెళ్ళాడు. ఆమె తాగి, పెదవులు చప్పరించి, "నాదానికన్నా బావుంది అని చెప్పించుకుందామనా?" అంది. "కాదు" అన్నాడు ఫుల్‌క్రాన్. "మరి?" "బావుంది అంటే చాలు." "బావుంది" అంది సిడోనీ. తరవాత ఊరంతా తిరిగి, తనదాంట్లో సగం కూడా లేదని చెప్పింది. అది మామూలే.

అక్కడితో ఆగి ఉంటే మగ్లోన్ సుఖపడేది. కానీ ఫుల్‌క్రాన్ ఏ పనీ సగంలో ఆపే మనిషి కాదు. శుభ్రత మీద ఎంత పిచ్చి ఉండేదో, ఇప్పుడు మట్టి మీద అంత పిచ్చి పట్టుకుంది. జేబులో మట్టిగడ్డలు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. దుకాణంలో రొట్టె కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళని ఆపి "వాసన చూడు" అనేవాడు. నున్నటి తోట ఉన్న రైతు ఎవడైనా ఎదురుపడితే ఓదార్పుగా భుజం తట్టేవాడు. అతను వీధి మలుపు తిరుగుతుంటే చూసి ఇనుపగుండ్ల ఆటగాళ్ళు చెట్ల చాటుకి తప్పుకునేవారు. పాదిరిగారు సమాధుల మీద గడ్డి కోయిస్తుంటే వెళ్ళి అడ్డం పడ్డాడు కూడా.

"గడ్డి పీకే రోజుల్లో భోజనానికి వేళకి వచ్చేవాడివి" అనేది మగ్లోన్. "ఇప్పుడు పేడపురుగు కనబడితే పొద్దుపోతోంది."

కిందటి వసంతంలో లియోన్ పట్నం నుంచి వచ్చిన ఒక జంట కొండ మీద నడుచుకుంటూ వెళ్తూ ద్రాక్షతోటలో బోర్లా పడి ఉన్న ముసలాయన్ని చూశారు. మొహం మట్టిలో ఉంది. కదలిక లేదు. పిలిస్తే చెయ్యి మాత్రం ఎత్తి దగ్గరికి రావద్దన్నట్టు ఊపాడు. వాళ్ళు భయపడిపోయి ఫోను చేశారు. అక్కడ మనిషి పడిపోయినా వచ్చేది అగ్నిమాపకులే. ఫైరింజను గంట కొట్టుకుంటూ కొండెక్కింది. వెనకాలే సగం ఊరు. స్ట్రెచరు పట్టుకుని దిగిన అగ్నిమాపక దళం నాయకుడు ఫుల్‌క్రాన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అయ్యా, ఎక్కడ నొప్పిగా ఉంది?"

"ష్‌" అన్నాడు ఫుల్‌క్రాన్. "బరువుగా అడుగులెయ్యకండి. లోపలికి పోతుంది."

"ఏది?"

"మీరూ పడుకోండి, కనబడుతుంది."

మగ్లోన్ వంటింటి గుడ్డ భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చేసరికి స్ట్రెచరు ఖాళీగా ఉంది. యూనిఫారాలు వేసుకున్న అగ్నిమాపకులు చిక్కుడు మొక్కల మధ్య వరసగా బోర్లా పడుకుని ఒక పేడపురుగుని చూస్తున్నారు. వాళ్ళ నాయకుడికి పల్లంలో తండ్రి ఇచ్చిన తోట ఉందట. విత్తనాలు ఎప్పుడు చల్లాలో అడుగుతున్నాడు. లియోన్ జంట ఎవరికి క్షమాపణ చెప్పాలో తెలియక నిలబడి ఉంది. సిడోనీ తన ముక్కలోంచి అరుస్తోంది, "అది నా పురుగు, గట్టు దాటి వచ్చింది!" అని.

మగ్లోన్ అందరినీ ఓసారి చూసింది. ఎవరినీ పలకరించకుండా వెనక్కి తిరిగి, ఇంటికి వెళ్ళి, వేడివేడిగా ఉన్న శనగల కూర గిన్నె ముందు పెట్టుకుని, చాలాకాలానికి ప్రశాంతంగా, ఒక్కతే, కడుపు నిండా భోంచేసింది.